వనరాజా, రాజశ్రీ కోళ్ల పెరటి పెంపకం: పిల్లలు తెచ్చే ముందు నుంచి గుడ్లు అందేదాకా

దేవరకొండ, నకిరేకల్, జడ్చర్ల, అచ్చంపేట వైపుల నుంచి ఈ కోళ్ల గురించి అడిగేవాళ్ల మాట దాదాపు ఒకేలా ఉంటుంది. "పిల్లలు తెచ్చినం, నెల తిరిగేసరికి సగం పోయినయి" అని కొందరు. "కోళ్లు మంచిగ బలిసినయి గానీ గుడ్లు పెడతలేవు" అని ఇంకొందరు.

ఈ రెండు కష్టాలూ ఒక్క చోట మొదలవుతాయి. వనరాజా, రాజశ్రీ లాంటివి గుడ్లకూ మాంసానికీ పనికొచ్చేలా తయారుచేసిన రంగురంగుల కోళ్లు. చూడటానికి నాటుకోళ్లలా ఉంటాయి కాబట్టి కొందరు తెచ్చిన రోజే వాకిట్లో వదిలేస్తారు. తొందరగా బరువు పెరుగుతాయి కాబట్టి కొందరు ఫారం కోళ్లకు పోసినట్టు దాణా పోస్తూనే ఉంటారు. రెండూ తప్పే. తొలి ఆరు వారాలు ఫారంలో చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. ఆ తర్వాత నాటుకోళ్లలా తిరగనివ్వాలి, తిండి మాత్రం కొలిచి పెట్టాలి. కింద రాసినదంతా ఆ వరుసలోనే ఉంటుంది. 20 నుంచి 50 కోళ్లు పెంచుకునే ఇల్లు అనుకుని లెక్కలు ఇస్తున్నాను.

## 1. ఏ రకం, ఎన్ని, ఎప్పుడు

వనరాజా హైదరాబాద్ పక్కనున్న రాజేంద్రనగర్‌లోని ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన రకం. కాళ్లు పొడుగు, కుక్క తరిమినా ఉరికి తప్పించుకోగలదు. పెరటి పెంపకంలో ఏడాదికి 100-110 గుడ్ల దాకా పెడుతుంది, పుంజులు మంచి బరువుకొస్తాయి. రాజశ్రీ కూడా రాజేంద్రనగర్‌దే, పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లది. ఒంటి బరువు వనరాజా కన్నా తక్కువ, గుడ్లు ఎక్కువ. బాగా చూసుకుంటే ఏడాదికి 150 దాటుతాయి. గ్రామప్రియ పూర్తిగా గుడ్ల వైపు మొగ్గే రకం.

మీ ఇంట్లో ఏది ముఖ్యమో ముందు తేల్చుకోండి. పుంజులు అమ్మి పైసలు చూడాలంటే వనరాజా. ఇంట్లో చిన్నపిల్లలకు రోజూ గుడ్డు దొరకాలంటే రాజశ్రీ. రెండూ కలిపి తెచ్చుకోవచ్చు, కానీ మొదటిసారి వద్దు. పెరిగే వేగం వేరు కాబట్టి పెద్దవి చిన్నవాటిని తిననివ్వవు.

మొదటిసారి పెంచేవాళ్లు 25 పిల్లలకు మించి తేవద్దు. ఇంటి చుట్టూ పురుగు, గింజ, ఆకు ఎంత దొరుకుతుందో దాన్ని బట్టే కోళ్ల సంఖ్య ఉండాలి. చిన్న దొడ్డిలో 50 కోళ్లు తిరిగితే పది రోజుల్లో గడ్డిపోచ మిగలదు. ఇక అన్నీ కొనే పెట్టాలి.

కాలం విషయంలో నా మాట సెప్టెంబర్. వానల తడి తగ్గుతుంది, చలి ఇంకా ముదరదు. ఆరు వారాలు నిండి బయటికొచ్చేసరికి చేలల్లో పురుగూ రాలిన గింజా ఉంటాయి. పుంజులు సంక్రాంతికి అమ్మకానికొస్తాయి. అది కుదరకపోతే జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో తెచ్చుకోండి. ఎండలు ముదిరేసరికి పిల్లలు గట్టిపడతాయి, పుంజులు బోనాల నాటికి తయారవుతాయి, పెట్టలు వానాకాలంలో గుడ్లకొస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పిల్లలు తేవద్దు. మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలకు పోయినప్పుడు దారిలోనే సొమ్మసిల్లుతాయి.

పిల్లలు కావాలంటే రాజేంద్రనగర్ సంస్థల్లో ముందుగా పేరు రాయించుకోవాలి, అడిగిన రోజే దొరకవు. కంపాసాగర్, పాలెం, మదనాపురం, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే ఎక్కడ దొరుకుతాయో దారి చెప్తారు. ఊళ్లోకి బండి మీద తెచ్చి రంగులద్ది అమ్మే పిల్లలు వనరాజా కావు. వాటికి టీకా పడిందో లేదో కూడా చెప్పేవాళ్లుండరు.

## 2. పిల్లలు రాకముందే చేయాల్సిన పని

పిల్లలు ఇంటికొచ్చాక బల్బు కోసం పరిగెత్తే పరిస్థితి ఉండకూడదు. కనీసం రెండు రోజుల ముందే అంతా సిద్ధం కావాలి.

గాలి నేరుగా కొట్టని, వెలుతురున్న ఒక గది లేదా కొట్టం మూల చూసుకోండి. ఊడ్చి, సున్నం కొట్టి ఆరనివ్వండి. నేల మీద రెండు అంగుళాల మందం వరి ఊక పోసి, దాని మీద పాత పేపర్లు పరవండి. పేపర్లు లేకపోతే పిల్లలు ఊకనే తిండి అనుకుని తింటాయి. మూడో రోజు దాకా ఉంచి తీసేయొచ్చు. నున్నటి పేపర్ మీద కాళ్లు జారి పక్కలకు విచ్చుకుపోతాయి కాబట్టి గరుకు పేపరే వేయండి.

చుట్టూ అడుగున్నర ఎత్తులో అట్టలతోనో రేకుతోనో గుండ్రంగా దడి కట్టండి. 25 పిల్లలకు మూడున్నర అడుగుల వెడల్పు వలయం మొదటి వారానికి చాలు. గుండ్రంగానే ఎందుకంటే మూలలుంటే పిల్లలు అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి నలిగిపోతాయి.

వేడికి బల్బులు. పిల్లకు రెండు వాట్ల లెక్కన 25 పిల్లలకు 50 వాట్లు కావాలి. కానీ ఒక్క బల్బు పెట్టి నమ్ముకోవద్దు. 40 లేదా 60 వాట్లవి రెండు పెట్టండి, ఒకటి మాడిపోయినా రెండోది ఉంటుంది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి: ఎల్ఈడీ బల్బు వేడి ఇవ్వదు. ఇళ్లలో ఇప్పుడు అవే ఉన్నాయి కాబట్టి చాలామంది వాటినే వేలాడదీస్తున్నారు. వెలుతురు చూసి వేడి ఉందనుకుంటారు, తెల్లారేసరికి పిల్లలు చలికి బిగుసుకుపోయి ఉంటాయి. లోపల తీగ ఉండే పాతకాలం బల్బు అడిగి కొనండి.

సిద్ధంగా ఉండాల్సినవి:

- తీగ బల్బులు రెండు, అదనంగా ఇంకొకటి
- కరెంటు పోతే వాడటానికి బొగ్గుల కుంపటి, దాని మీద మూయడానికి చిల్లుల మట్టి కుండ
- నీళ్ల డబ్బాలు రెండు, మేత పళ్లేలు రెండు
- పిల్లల దాణా ఒక సంచి, కొంచెం మక్కజొన్న రవ్వ
- బెల్లం
- థర్మామీటర్ (లేకపోయినా నడుస్తుంది, ఎలాగో కింద చెప్తాను)
- పశువైద్యశాలలో లసోటా (కొక్కెర తెగులు రాకుండా వేసే) టీకా ఏ రోజు దొరుకుతుందో కనుక్కున్న సమాచారం

కుంపటి వాడేటప్పుడు కిటికీ కొంచెం తెరిచే ఉంచాలి. తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గు పొగ పిల్లలనే కాదు, పక్కన పడుకున్న మనుషులనూ చంపుతుంది.

## 3. మొదటి రోజు

హైదరాబాద్ నుంచి తెచ్చుకునేవాళ్లు పొద్దున్నే గానీ సాయంత్రం గానీ బయల్దేరండి. గాలి ఆడే చిల్లుల అట్టపెట్టెలోనే తేవాలి, కారు డిక్కీలో వద్దు. మధ్యాహ్నం ఎండలో బస్టాండ్‌లో గంట నిలబెట్టారంటే ఆ దెబ్బ మూడో రోజు బయటపడుతుంది.

పిల్లలు వచ్చే రెండు గంటల ముందే బల్బులు వేసి ఉంచండి. రాగానే తిండి పెట్టొద్దు, ముందు నీళ్లు. మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లలో కొంచెం బెల్లం కలిపి, ప్రతి పిల్ల ముక్కునూ ఒక్కసారి నీళ్లకు తాకించి వదలండి. ఇది దాటవేయొద్దు. నీళ్లు ఎక్కడున్నాయో కొన్నిటికి రెండు రోజులైనా తెలియదు, దాహంతోనే పోతాయి. నీళ్ల పళ్లెం వెడల్పుగా ఉంటే అందులో గులకరాళ్లు వేయండి, పిల్లలు పడి తడవకుండా ఉంటాయి.

రెండు, మూడు గంటలయ్యాక పేపర్ మీద మక్కజొన్న రవ్వ చల్లండి. మర్నాటి నుంచి పిల్లల దాణా పళ్లేల్లో పెట్టండి. రాత్రి పడుకునే ముందు మెడ కింది మేత సంచిని వేలితో తడిమి చూడండి. మెత్తగా నిండి ఉంటే పిల్ల తింటున్నట్టు. ఖాళీగా ఉన్నవాటిని పట్టుకుని మళ్లీ నీళ్లూ మేతా చూపించండి.

## 4. తొలి ఆరు వారాలు

మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వేడి ఉండాలి. ఆ తర్వాత వారానికి రెండు, మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. బల్బును కొంచెం కొంచెం పైకి లేపితే చాలు. థర్మామీటర్ లేకపోతే పిల్లలనే చూడండి. బల్బు కింద గుంపుగా చేరి కిచకిచ అరుస్తుంటే చలి. దడి అంచులకు పోయి నోరు తెరిచి ఒగరుస్తుంటే వేడి ఎక్కువ. అంతటా పరుచుకుని కొన్ని తింటూ, కొన్ని పడుకుని ఉంటే సరిపోయినట్టు. అన్నీ ఒకే పక్కకు చేరితే అటు వైపు నుంచి చల్లగాలి వస్తోందని అర్థం. ఈ చూపు రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి తప్పనిసరి. నష్టం జరిగేది ఎక్కువగా ఆ వేళల్లోనే.

రెండో వారం నుంచి దడిని వెడల్పు చేస్తూ పోండి. నాలుగో వారానికి పిల్లకు అర చదరపు అడుగు, ఆరో వారానికి ఒక అడుగు చోటుండాలి. ఇరుకైతే ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి.

ఊక పొడిగా ఉంచడమే ఈ దశలో అసలు పని. రోజూ కదిలించాలి, నీళ్ల డబ్బా చుట్టూ తడిసిన ఊకను అదే రోజు తీసి కొత్తది పోయాలి. పిల్లలంత ఎత్తుకు వంగి వాసన చూడండి. కళ్లు మండితే వాటికి ఇరవై నాలుగు గంటలూ మండుతున్నట్టే. తడి ఊకలోనే రక్తపారుడు పుడుతుంది. మూడు నుంచి ఆరు వారాల వయసులో పిల్లలు ముడుచుకు కూర్చుని రెట్టలో రక్తం పడుతుంటే ఆలస్యం చేయొద్దు, ఆ రోజే డాక్టర్‌ను అడిగి నీళ్లలో కలిపే మందు మొదలుపెట్టండి. మందుతో పాటు ఊక మార్చకపోతే అది మళ్లీ వస్తుంది.

తిండికి ఈ ఆరు వారాలూ కొన్న పిల్లల దాణానే మేలు. నూకలూ జొన్నలూ వేసి పెంచితే బతుకుతాయి గానీ కాళ్లు బలహీనపడతాయి, తర్వాత గుడ్లకు రావడం ఆలస్యమవుతుంది. పైసలు ఆదా చేయాల్సిన చోటు ఇది కాదు. గుడ్ల కోళ్ల దాణా మాత్రం పిల్లలకు పెట్టొద్దు, అందులో సున్నం ఎక్కువ, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

మూడో వారం నుంచి మునగాకు సన్నగా తరిగి కొంచెం, దొరికితే చెదలు పెట్టొచ్చు. పాత కుండలో తడిపిన పేడ, గోనెపట్టా ముక్కలు, ఎండు కట్టెలు కుక్కి చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే తెల్లారేసరికి పడతాయి. పిల్లలకు అంతకన్నా మంచి మాంసకృత్తు ఊళ్లో దొరకదు.

## 5. టీకాలు

పెరటి కోళ్లను తుడిచిపెట్టేది కొక్కెర తెగులు, అంటే రాణీఖేత్. వచ్చాక మందు లేదు. ఊళ్లో నాటుకోళ్లకు అది వస్తూనే ఉంటుంది కాబట్టి "మా కోళ్లు బయటికి పోవు" అనే ధీమా పనికిరాదు.

- మొదటి రోజు: మారెక్స్ (కాళ్లు, రెక్కలు పడిపోయే జబ్బు) టీకా. హేచరీలోనే, అంటే గుడ్లు పొదిగించే చోటే వేస్తారు, వేశారా అని అడిగి తెలుసుకోండి.
- 5 నుంచి 7 రోజుల మధ్య: లసోటా, కంట్లో లేదా ముక్కులో ఒక చుక్క.
- 14 నుంచి 18 రోజుల మధ్య: గంబోరో జబ్బు టీకా, ఒక చుక్క.
- 28-30 రోజులకు: లసోటా రెండోసారి.
- ఆరో వారం: కోళ్ల మశూచి టీకా.
- ఎనిమిది, తొమ్మిది వారాలకు: ఆర్‌2బి, ఇది కూడా కొక్కెరకే, చర్మం కింద 0.5 మిల్లీలీటర్లు.

ఆర్‌2బి వేయడానికి వారం ముందు నట్టల మందు తాగించండి. పెద్దయ్యాక కూడా రెండు, మూడు నెలలకోసారి నట్టల మందు కావాలి. మందు, మోతాదు, ఎన్ని రోజులు ఆ గుడ్లు తినకూడదనేది పశువైద్యుణ్ణి అడిగి రాసుకోండి.

టీకా వేయించినా రోగం వచ్చిందంటే ఎక్కువసార్లు కారణం టీకా చల్లదనం పోవడమే. ఫ్లాస్క్‌లో ఐస్ వేసి తేవాలి. కలిపిన గంట, రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది రేపటికి దాచకూడదు. పొద్దున్నే ఎండ రాకముందు వేయాలి. నీరసంగా ఉన్న కోడికి వేయకూడదు.

కొందరు లసోటాను తాగే నీళ్లలో కలుపుతారు. మిషన్ భగీరథ నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది టీకాను చంపేస్తుంది. పాతిక, యాభై కోళ్లకు ఒక్కొక్క చుక్క వేయడం అరగంట పని. చుక్కే వేయండి. ఒక సీసాలో వందకు పైగా కోళ్లకు సరిపడా మందు ఉంటుంది కాబట్టి, వాడకట్టులో నాలుగిళ్ల వాళ్లు మాట్లాడుకుని ఒకే రోజు వేయిస్తే ఖర్చూ తగ్గుతుంది, పక్కింటి కోళ్ల నుంచి వచ్చే ప్రమాదమూ తగ్గుతుంది.

## 6. రాత్రి గూడు

పిల్లలు పెరుగుతుండగానే గూడు కట్టడం మొదలుపెట్టండి. కోడికి ఒకటి నుంచి ఒకటిన్నర చదరపు అడుగుల చోటు చాలు, 20 కోళ్లకు నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు సరిపోతుంది. గూటి పొడవు తూర్పు నుంచి పడమరకు సాగేలా ఉండాలి. అలా ఉంటే పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా పొడుగునా లోపలికి కొట్టవు.

నేల మట్టానికి అడుగు ఎత్తు మీద కట్టండి, వాన నీళ్లు చేరవు. కింద అడుగున్నర గోడ, పైన జాలి. జాలి విషయంలో పైసలకు చూసుకోవద్దు. మెత్తటి కోళ్ల జాలిని కుక్క పళ్లతో చింపేస్తుంది. అర అంగుళం సందులున్న వెల్డింగ్ జాలి వేయిస్తే ముంగిస, జంగపిల్లి, పాము మూడూ ఆగుతాయి. గోడకూ నేలకూ మధ్య రెండు వేళ్ల సందు కనిపించినా ముంగిసకు అది దారే. పైకప్పు రేకులైతే మీద వరిగడ్డి పరవండి, లేకపోతే వేసవిలో గూడు కుంపటిలా మారుతుంది.

## 7. బయటికి వదలడం

ఆరో వారం నిండాక వదలండి. ముందు రెండు, మూడు రోజులు కొత్త గూట్లోనే ఉంచి అక్కడే తిండి, నీళ్లు పెట్టాలి. అది తమ ఇల్లని వాటికి తెలియాలి. నాలుగో రోజు సాయంత్రం, పొద్దుగూకే గంట ముందు వదలండి. చీకటి పడుతుంటే వాటంతట అవే లోపలికి వస్తాయి. రోజురోజుకూ ఇంకొంచెం ముందే వదులుతూ పోండి. సాయంత్రం మేత ఎప్పుడూ గూట్లోనే వేసి, ఒకే పిలుపుతో పిలవండి.

నల్గొండ జిల్లాలో పత్తి చేల పక్కన ఉన్న ఇళ్లవాళ్లకు ఒక హెచ్చరిక. మందు కొట్టిన రోజూ, ఆ తర్వాత వారమూ కోళ్లను అటు పోనివ్వద్దు. మందు కలిపిన విత్తనాలు ఎర్రగా, పచ్చగా ఉంటాయి. విత్తేటప్పుడు నేల మీద రాలిన నాలుగు గింజలు తిన్నా కోడి పోవచ్చు. ఎలుకల మందు పెట్టిన ఇంటి చుట్టూ కూడా అంతే.

పల్లి, జొన్న, కందులు విత్తే రోజుల్లో పక్కవాళ్ల చేలో కోళ్లు గెలికితే గొడవ తప్పదు. మొలక లేచి గట్టిపడేదాకా మధ్యాహ్నం వరకు గూట్లో ఉంచి, తర్వాత వదలండి. ఇరుగుపొరుగుతో మంచిగా ఉన్నన్ని రోజులే పెరట్లో కోళ్లు ఉంటాయి.

## 8. పెద్ద కోళ్ల తిండి: ఎక్కువమంది తప్పేది ఇక్కడే

తిరిగి తినే కోడికి పైన రోజుకు 30 నుంచి 50 గ్రాముల గింజ చాలు. వానాకాలంలో చేల నిండా పురుగులుంటే 30, వేసవిలో ఏమీ దొరకనప్పుడు 50 లేదా కొంచెం ఎక్కువ. ఒక గిన్నె తూకం వేసి గుర్తు పెట్టుకుని దానితోనే కొలవండి. గుప్పెళ్లతో వేస్తే ఎంత వేశారో ఎవరికీ తెలియదు.

వనరాజాకు కొవ్వు పట్టే గుణం ఉంది. మక్కజొన్న ఎంత పెడితే అంత తింటుంది, బరువు పెరుగుతుంది, కడుపులో కొవ్వు పేరుకుని గుడ్డు రాదు. గుడ్లకొచ్చే నాటికి పెట్ట రెండు, రెండున్నర కిలోల మధ్య ఉండాలి. పదిహేను రోజులకోసారి నాలుగైదు పెట్టలను వేలాడే కాంటా మీద తూచి రాసుకోండి. మూడు కిలోలకు దగ్గరపడితే గింజ తగ్గించి ఆకుకూరలు, అజొల్లా (నీళ్ల మీద పెరిగే నాచు లాంటి మొక్క) ఎక్కువ పెట్టండి. సాయంత్రం మేత సంచి తడిమి చూస్తే బయట ఎంత దొరికిందో తెలుస్తుంది. నిండుగా ఉంటే ఆ పూట గింజ సగం చేయొచ్చు.

ఏం పెట్టాలి? జొన్నలు, నూకలు, కొర్రలు, మక్కలు కలిపి సగానికి పైగా, తవుడు కొంత, పల్లి చెక్క లేదా సోయా చెక్క కొంత. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి చెక్క తేలిగ్గా దొరుకుతుంది, మంచిదే. కానీ బూజు పట్టిన చెక్క, నల్లబడిన మక్కలు ఎంత చవకగా వచ్చినా పెట్టొద్దు. ఆ బూజులోని విషం కాలేయాన్ని తింటుంది. కోళ్లు ఒక్కసారిగా చావవు. గుడ్లు తగ్గుతాయి, టీకాలు పని చేయవు, చిన్న జబ్బుకే పోతాయి. మనుషులకు పనికిరాని గింజ కోళ్లకేస్తే సరిపోతుందనే అలవాటు మానుకోవాలి.

గుడ్లకొచ్చాక సున్నం తప్పదు. ఆల్చిప్పల పొడి లేదా సున్నపురాయి నలుసులు విడిగా ఒక చిప్పలో పెడితే కావాల్సినంత అవే తింటాయి. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులైతే ఉడికించి, ఎండబెట్టి, పొడి చేసి కలపండి. పెంకు ఆకారంలో వేస్తే గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకుంటాయి.

## 9. గుడ్లకొచ్చే వేళ

రాజశ్రీ అయిదున్నర నెలలకు, వనరాజా ఆరు నెలలకు అటూఇటూగా తొలి గుడ్డు పెడతాయి. అయిదో నెలలోనే గుడ్ల పెట్టెలు పెట్టేయండి. నాలుగైదు పెట్టలకు ఒకటి, అడుగు పొడవు, అడుగు వెడల్పు, లోపల ఎండుగడ్డి, కొంచెం చీకటిగా ఉండే మూల. ఆలస్యం చేస్తే పొదల్లో పెట్టడం అలవాటవుతుంది, తర్వాత మాన్పించడం కష్టం.

గుడ్డుకు వెలుతురు కావాలి. చలికాలంలో పగలు తగ్గి గుడ్లు పడిపోతే, పొద్దూ సాయంత్రం కలిపి పగటి వెలుతురుతో సహా 14-16 గంటలు వచ్చేలా గూట్లో బల్బు వేయండి. వెలుతురు కోసమైతే ఎల్ఈడీ చాలు.

గుడ్లు రోజుకు రెండుసార్లు ఏరండి, వేసవిలో మూడుసార్లు. కడగొద్దు. పొడి బట్టతో తుడిచి, తడి ఇసుకలో పెట్టిన పొడి కుండలో దాచితే ఎండాకాలంలో కూడా కొన్నాళ్లు ఆగుతాయి.

గుడ్లు మాత్రమే కావాలంటే పుంజు అక్కర్లేదు. మూడున్నర, నాలుగు నెలలకు పుంజులన్నీ అమ్మేయొచ్చు, ఆ తర్వాత అవి తినే మేతకు తగ్గ బరువు రాదు. అంగట్లో "నాటుకోడి" అని చెప్పి అమ్మే పని చేయకండి. వనరాజా అని చెప్పే అమ్మండి. కొన్నవాళ్లు మళ్లీ మీ ఇంటికే వస్తారు.

పొదిగించడం గురించి చాలామంది అడుగుతారు. ఈ పెట్టలు సాధారణంగా పొదగవు. పొదిగే గుణం తగ్గించబట్టే గుడ్లు అన్ని పెడుతున్నాయి. నాటు పెట్ట కింద వీటి గుడ్లు ఎనిమిది, పది పెడితే 21 రోజులకు పిల్లలు వస్తాయి, దానికి ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. అయితే ఆ పిల్లలు గుడ్డు పెట్టిన తల్లిలా గుడ్లు పెట్టవు, బరువూ అంత రాదు, ఎందుకంటే ఇవి వేర్వేరు జాతుల కలయికతో వచ్చినవి. ఇంటి వాడకానికి ఫరవాలేదు. అమ్మకానికి పెంచాలంటే ప్రతిసారీ పిల్లలను కొత్తగా తెచ్చుకోవాల్సిందే. ఏడాదిన్నర దాటిన పెట్టలను అమ్మేసి కొత్త గుంపు మొదలుపెట్టండి.

## 10. ఎండాకాలం

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వానల దాకా నీడా నీళ్లే ముఖ్యం. మేత తెల్లవారుజామున అయిదింటికి, మళ్లీ సాయంత్రం ఆరు తర్వాత. మధ్యాహ్నం కడుపు నిండా తిన్న కోడికి ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది. మట్టి పాత్రల్లో నీళ్లు మూడు, నాలుగు చోట్ల చెట్ల నీడలో పెట్టి రెండుసార్లు మార్చండి. గూటి జాలికి గోనెపట్టాలు కట్టి తడపండి, కానీ గాలి ఆగిపోయేలా నాలుగు వైపులా కట్టొద్దు. రెక్కలు వేలాడేసి నోరు తెరిచి ఒగరుస్తున్న కోడిని వెంటనే నీడకు తెచ్చి కాళ్లూ తమ్మెలూ తడపండి. చల్లటి నీళ్ల బకెట్‌లో మాత్రం ముంచొద్దు.

## 11. కష్టం కనిపిస్తే ఏం చేయాలి

గుడ్లు పెట్టట్లేదు. వెనక తుంటి ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూడండి. రెండు, మూడు వేళ్లు పడితే పెడుతోంది, ఎక్కడో దాచుకుంటోందని అర్థం. పొద్దున్నే రెండు రోజులు గూట్లోనే ఉంచండి. ఒక్క వేలే పడితే పెట్టట్లేదు. అప్పుడు బరువు, వెలుతురు, నట్టలు వరుసగా చూసుకోండి.

తోలుగుడ్లు, పల్చటి పెంకు. సున్నం చాలట్లేదు. వేసవిలో ఎండ వల్ల కూడా వస్తుంది.

ఈకలు పీక్కోవడం. చోటు చాలకపోవడం, మాంసకృత్తు తగ్గడం, వెలుతురు మరీ ఎక్కువ కావడం. గాయపడిన కోడిని ఆ క్షణమే వేరు చేయాలి, రక్తం చూస్తే మిగతావి వదలవు.

పేలు, గోమార్లు. ఇసుక, కట్టెల బూడిద కలిపిన గుంట ఒకటి దొడ్డిలో ఉంచితే వాటంతట అవే పొర్లుతాయి. గూటి సందుల్లో సున్నం కొట్టండి.

మెడ మెలితిప్పడం, పచ్చటి విరేచనాలు, నోటి నుంచి ఊపిరి. కొక్కెర అని అనుమానించండి. ఆ కోడిని వేరు చేయండి, దాన్ని ముట్టుకున్న చేతులతో మిగతావాటి దగ్గరికి పోవద్దు. బతికున్నప్పుడే అమ్మేద్దామని అంగడికి తీసుకుపోతే పది ఊళ్లకు అంటించినట్టే. చచ్చినదాన్ని చెరువులోనో పెంట మీదో పారేయకుండా లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చండి.

ఒకటి, రెండు రోజుల్లో చాలా కోళ్లు ఒక్కసారే చనిపోతే. ముట్టుకోవద్దు, కోయొద్దు, వండొద్దు. బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు. మండల పశువైద్యశాలకు వెంటనే చెప్పండి. సంచార పశువైద్య వాహనం నంబర్ 1962.

అంగట్లో కొన్న కోడిని, చుట్టాలింటి నుంచి తెచ్చిన కోడిని నేరుగా గుంపులో కలపొద్దు. రెండు వారాలు దూరంగా గంప కింద ఉంచి, తిండి, నీళ్లు వేరే పాత్రల్లో పెట్టి, బాగుందని తేలాకే కలపండి. పండక్కి కోసిన బయటి కోడి ఈకలూ పేగులూ దొడ్డిలో పడేసినా అంతే ప్రమాదం, వాటిని కూడా పూడ్చేయండి.